కండరానికి బలం ఎక్కడిది?
వ్యాయామ శరీరధర్మ శాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయం



మీలో చాలామంది చెడుగుడు ఆడి ఉంటారు. ఆడనివారు టీవీలో కబడ్డీ పోటీలైనా చూసి ఉంటారు. కూతకు వెళ్ళిన ఆటగాణ్ణి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గీత దాటేముందు గుండెల నిండా గాలి పీలుస్తాడు. తిరిగి వచ్చి గీత తాకేదాకా మళ్ళీ ఊపిరి తీయకూడదు. ఆ కొద్ది సెకన్లలోనే ఉరుకుతాడు, వంగుతాడు, ఎగిరి దూకుతాడు, కాలు పట్టుకున్న నలుగురిని ఈడ్చుకుంటూ గీతవైపు వస్తాడు. గీత తాకగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చాలాసేపు రొప్పుతాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. కొత్తగా గాలి పీల్చని సమయంలో ఆ కాళ్ళకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? కాళ్ళు కదలడం మానేసిన తర్వాత అంతసేపు రొప్పవలసిన అవసరం ఏమిటి?

ప్రశ్నలు చిన్నవే. వీటికి సరైన సమాధానం దొరకడానికి మాత్రం శాస్త్రజ్ఞులకు సుమారు 170 ఏళ్ళు పట్టింది. ఆ దారిలో ఎంతో పేరు పొందిన ఒక సిద్ధాంతాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ సిద్ధాంతకర్తలకు అప్పటికే నోబెల్ బహుమతి కూడా వచ్చింది. సిద్ధాంతం మారడానికి కారకులైన వారిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువాడు. ఆ కథను ఈ పాఠంలో తెలుసుకుందాం.

శరీరంలో మంట

పారిస్ నగరంలో ఆంట్వాన్ లెవోయిజర్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. కట్టె మండటానికీ ప్రాణి శ్వాసించడానికీ ఆక్సిజనే ఆధారమని ఆయన గ్రహించాడు. మండే కట్టె ఆక్సిజన్‌ను తీసుకుని కార్బన్ డయాక్సైడును, వేడిని ఇస్తుంది. ప్రాణి కూడా అదే పని చేస్తుంది. అయితే శరీరంలోని మంట చాలా నెమ్మదిగా, వెలుగు లేకుండా సాగుతుంది.

1789-90 సంవత్సరాలలో లెవోయిజర్ తన సహచరుడు ఆర్మాండ్ సెగ్విన్ మీద కొన్ని ప్రయోగాలు చేశాడు. సెగ్విన్ ముఖానికి తొడుగు తగిలించి, ఆయన ఎంత ఆక్సిజన్ వాడుతున్నాడో కొలిచాడు. మొదట ఊరికే కూర్చోబెట్టి కొలిచాడు. తర్వాత కాలితో ఒక మీటను తొక్కిస్తూ కొలిచాడు. పని చేసేటప్పుడు ఆక్సిజన్ వాడకం రెండింతలకు పైగా పెరిగింది. ఆ గదిలో జరిగిన పనిని లెవోయిజర్ భార్య మరియాన్ బొమ్మగా గీసింది. పక్కన బల్ల దగ్గర కూర్చుని లెక్కలు రాసుకుంటున్నట్లు తనను కూడా ఆ బొమ్మలో చూపించుకుంది. వ్యాయామం చేసే మనిషి శ్వాసను కొలిచిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

లెవోయిజర్ ఈ పనిని ముందుకు తీసుకువెళ్ళలేకపోయాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794 మే 8న, ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. కాని ఆయన అడిగిన ప్రశ్న నిలిచిపోయింది. శరీరంలో మంట ఉందంటే, అందులో కాలేది ఏమిటి?

కొండ ఎక్కిన ఇద్దరు ఆచార్యులు

జర్మన్ రసాయన శాస్త్రవేత్త జస్టస్ లీబిగ్ 1842లో దీనికి ఒక సమాధానం చెప్పాడు. కండరం మాంసకృత్తులతో తయారైంది కనుక, అది పని చేసేటప్పుడు కాలేది కూడా మాంసకృత్తులేనని ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. బలం కావాలంటే మాంసం తినాలని ఈనాటికీ అనేవారున్నారు కదా! లీబిగ్ గొప్పవాడు కావడంతో చాలామంది దానిని నమ్మారు.

1865 ఆగస్టులో అడాల్ఫ్ ఫిక్, యోహన్నెస్ విస్లిసేనస్ అనే ఇద్దరు ఆచార్యులు స్విట్జర్లాండులో ఈ మాటను పరీక్షించారు. మాంసకృత్తులు కాలితే అందులోని నత్రజని మూత్రంలో బయటకు వస్తుంది. ఇది అప్పటికే తెలిసిన సంగతి. వారు ముందు రోజు నుంచే మాంసకృత్తులు లేని ఆహారం తీసుకున్నారు. పిండితో చేసి కొవ్వులో వేయించిన రొట్టెలు తిని, చక్కెర వేసిన టీ తాగారు. తర్వాత ఫాల్‌హార్న్ అనే పర్వతం ఎక్కారు. కింద ఉన్న సరస్సు నుంచి శిఖరం వరకు సుమారు 1,950 మీటర్ల ఎత్తు. ఎక్కుతున్నంతసేపూ, ఎక్కిన తర్వాత కూడా మూత్రాన్ని సేకరించి అందులోని నత్రజనిని లెక్క కట్టారు.

తమ బరువును అంత ఎత్తుకు మోయడానికి ఎంత శక్తి కావాలో లెక్క తేలికే. మాంసకృత్తులు కాలడం వల్ల వచ్చిన శక్తి దానికి సరిపోలేదు. మరుసటి ఏడాది ఇంగ్లండులో ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ ఆహార పదార్థాలలోని శక్తిని నేరుగా కొలిచి ఈ నిర్ణయాన్ని బలపరిచాడు. కండరానికి ముఖ్యమైన ఇంధనం పిండిపదార్థాలు, కొవ్వులేనని తేలింది.

ఇద్దరు మనుషులు, ఒక కొండ, కొన్ని సీసాలు. ఒక మహామహుని మాటను పరీక్షించడానికి ఇంతకంటే పెద్ద పరికరాలు అవసరం కాలేదన్న సంగతి గుర్తుంచుకోండి.

లాక్టిక్ ఆమ్లం రంగప్రవేశం

ఇంధనం ఏదో తెలిసింది. కాని చెడుగుడు ఆటగాడి ప్రశ్న అలాగే ఉంది. ఆక్సిజన్ చాలనప్పుడు కండరం ఎలా పని చేస్తుంది?

1907లో కేంబ్రిడ్జిలో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ గోలాండ్ హాప్‌కిన్స్ కప్ప కండరాలతో చేసిన ప్రయోగాలు ఒక దారి చూపాయి. ఆక్సిజన్ లేకుండా పని చేయించిన కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంది. అలసిన కండరానికి మళ్ళీ ఆక్సిజన్ అందిస్తే ఆ ఆమ్లం తగ్గిపోయింది. పాలు పెరుగైనప్పుడు పులుపునిచ్చేది కూడా ఈ ఆమ్లమే.

ఈ పునాదిమీద ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం కట్టారు. ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ కండరం సంకోచించేటప్పుడు పుట్టే అతి సూక్ష్మమైన వేడిని కొలిచాడు. జర్మనీలో ఓటో మయెర్‌హాఫ్ కండరంలోని గ్లైకోజెన్ ఎంత తగ్గితే లాక్టిక్ ఆమ్లం ఎంత పెరుగుతుందో లెక్క తేల్చాడు. ఇద్దరికీ కలిపి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. కండరంలోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే సంకోచానికి మూలమని అప్పటి సిద్ధాంతం. ఆక్సిజన్ పని అంతా ఆ తర్వాతే. అది ఆ ఆమ్లంలో కొంత భాగాన్ని కాల్చి, మిగిలిన దానిని తిరిగి గ్లైకోజెన్‌గా మారుస్తుందని వారు భావించారు.

హిల్ స్వయంగా పరుగు మీద మక్కువ ఉన్నవాడు. కప్ప కండరంలో చూసినది మనిషిలోనూ నిజమేనా అని తెలుసుకోవడానికి ఆయన తానే పరుగెత్తాడు. వీపుకు పెద్ద సంచి కట్టుకుని, వదిలిన గాలి అంతా అందులోకి వెళ్ళే ఏర్పాటు చేసుకుని, గడ్డి మైదానం చుట్టూ తిరిగాడు. వేగం పెంచేకొద్దీ ఆక్సిజన్ వాడకం పెరిగింది. కాని నిమిషానికి సుమారు 4 లీటర్ల దగ్గర ఆగిపోయింది. అంతకు మించి పెరగలేదు. ప్రతి మనిషికీ ఆక్సిజన్ వాడకానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుందన్న భావన ఇక్కడే స్థిరపడింది. క్రీడాకారుల సామర్థ్యాన్ని పరీక్షించేటప్పుడు ఈనాటికీ ఈ గరిష్ఠ పరిమితిని కొలుస్తారు.

ఆ పరిమితి దాటి పరుగెత్తేవాడు అప్పు చేస్తున్నాడని హిల్ అన్నాడు. పరుగు ఆగాక రొప్పుతూ ఆ అప్పు తీర్చుకుంటాడు. దీనికే 'ఆక్సిజన్ రుణం' అని పేరు. మన చెడుగుడు ఆటగాడి రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు దొరికినట్లయింది. గాలి లేనప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారవడం వల్ల బలం వచ్చింది. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి రొప్పు వచ్చింది.

ఇంత పొందికైన సిద్ధాంతాన్ని ఎవరు కాదంటారు?

ఆలస్యంగా చిక్కబడిన నీలం

ఇప్పుడు మనం అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్దాం. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల గురించి చదివాడు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశాడు. తర్వాత జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు చేరాడు.

వారు మొదట తలపెట్టిన పని చూడటానికి మామూలుదే. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి మంచి పద్ధతి కావాలి. 1925లో వారు ఆ పద్ధతిని ప్రకటించారు. నమూనాకు మాలిబ్డినం లవణాన్ని, మరో రసాయనాన్ని కలిపితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. రంగును పోల్చి పరిమాణం చెప్పవచ్చు. దీనికి 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అని పేరు. దశాబ్దాల పాటు ఆసుపత్రుల్లో, కళాశాలల్లో దీనిని వాడారు. ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో నేను కూడా పరీక్షనాళికలో ఆ నీలం చూసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ పేరులోని సుబ్బారావు మన గోదావరి జిల్లా మనిషని మాత్రం అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

ఈ పద్ధతితో కండరాన్ని పరీక్షించినప్పుడు ఒక తేడా కనిపించింది. మామూలు ఫాస్ఫేటు ఉంటే రంగు వెంటనే రావాలి. తాజా కండరపు రసంలో మాత్రం నీలం మొదట పలుచగా వచ్చి, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడింది. ఇంకెవరైనా అయితే రసాయనం పాతబడిందనో, చెయ్యి తప్పిందనో అనుకుని వదిలేసేవారు. వీరు వదలలేదు. కండరంలోని భాస్వరం అంతా విడిగా లేదని, ఏదో పదార్థంతో ముడిపడి ఉండి పరీక్షనాళికలోని ఆమ్లంలో మెల్లగా విడిపోతోందని ఊహించారు. ఆ పదార్థం క్రియాటిన్ అని తేల్చారు. ఆ జంటకు 'ఫాస్ఫోక్రియాటిన్' అని పేరు వచ్చింది. 1927లో ఈ ఫలితం వెలువడింది. కండరం పని చేసేటప్పుడు అది విడిపోతుందని, విశ్రాంతి తీసుకునేటప్పుడు మళ్ళీ కట్టుకుంటుందని కూడా వారు చూపించారు.

అదే సమయంలో లండన్‌లో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలో ఇలాంటి అస్థిరమైన భాస్వర పదార్థాన్ని గమనించి ప్రకటించారు. అందులో క్రియాటిన్ ఉందని నిర్ధారించిన ఘనత ఫిస్కే, సుబ్బారావులది. 1929లో వీరిద్దరూ కండరంలో మరో భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. మీ జీవశాస్త్ర పుస్తకంలో పేజీ పేజీకీ కనిపించే ఎ.టి.పి. ఇదే. దీనిని అదే ఏడాది జర్మనీలో మయెర్‌హాఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు.

నోబెల్ సిద్ధాంతం కూలింది

కండరంలో కొత్త పదార్థాలు దొరికాయి. అవి అక్కడ ఏం చేస్తున్నాయి? 1930లో కోపెన్‌హాగన్‌లో ఐనర్ లుండ్స్‌గార్డ్ చేసిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. ఆయన అయొడోఅసిటిక్ ఆమ్లం అనే విషాన్ని జంతువులకు ఇచ్చి చూస్తున్నాడు. ఈ విషం కండరంలో లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా అడ్డుకుంటుంది. హిల్-మయెర్‌హాఫ్ సిద్ధాంతమే నిజమైతే అలాంటి కండరం కదలనే కూడదు. కాని అది కదిలింది! లాక్టిక్ ఆమ్లం ఏమాత్రం పుట్టకుండానే చాలాసార్లు సంకోచించింది. సంకోచించిన ప్రతిసారీ ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతూ వచ్చింది. అది అయిపోయాక కండరం బిగుసుకుపోయింది.

లాక్టిక్ ఆమ్లం సంకోచానికి మూలం కాదని దీనితో రుజువైంది. ఇప్పుడు హిల్ ఏం చేశాడో గమనించండి. ఆయన నోబెల్ గ్రహీత. తన శిష్యులను కూడగట్టుకుని పాత మాటనే సమర్థించుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. 1932లో రాసిన సమీక్షా వ్యాసానికి 'కండర శరీరధర్మ శాస్త్రంలో విప్లవం' అనే అర్థం వచ్చే పేరు పెట్టి, తన సిద్ధాంతాన్ని మార్చుకోవలసి వచ్చిందని అందరికీ చెప్పాడు. తర్వాత రోజుల్లో, 1943-44లో, ఇదే హిల్ మన దేశానికి వచ్చి ఇక్కడి శాస్త్ర పరిశోధన స్థితిగతులపై ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు.

మిగిలిన మెట్లను ఒక్కొక్కరు ఒక్కొక్కటిగా పేర్చారు. 1933లో హార్వర్డ్‌లోని అలసట ప్రయోగశాలలో మార్గారియా, ఎడ్వర్డ్స్, డిల్ అనే ముగ్గురు, వ్యాయామం తర్వాత తీర్చే ఆక్సిజన్ రుణంలో మొదటి భాగానికి లాక్టిక్ ఆమ్లంతో సంబంధం లేదని చూపారు. 1934లో లోమాన్ ఎ.టి.పి.కీ ఫాస్ఫోక్రియాటిన్‌కూ ఉన్న వరుసను విడమరిచాడు. ముందు ఖర్చయ్యేది ఎ.టి.పి.; ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని ఇచ్చి దానిని వెంటనే తిరిగి నింపుతుంది. 1939లో సోవియట్ యూనియన్‌లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా దంపతులు కండరంలోని మయోసిన్ అనే మాంసకృత్తే ఎ.టి.పి.ని విడగొడుతుందని కనుగొన్నారు. 1954లో కండర తంతువులు ఒకదాని మీద ఒకటి జారడం వల్ల సంకోచం జరుగుతుందని రెండు బృందాలు ప్రకటించాయి. చివరికి 1962లో కెయిన్, డేవిస్ ఒకే ఒక్క సంకోచంలో ఎ.టి.పి. తగ్గడాన్ని నేరుగా కొలిచి చూపారు. 1790లో మొదలైన ప్రశ్నకు అక్కడ ఒక ముగింపు దొరికింది.

చిల్లర, డబ్బా, గాదె, పొలం

ఇప్పుడు ఈ సంగతులన్నీ కలిపి చూద్దాం. ఒక రైతు కుటుంబాన్ని ఊహించుకోండి. జేబులో కొంచెం చిల్లర ఉంటుంది. వంటింటి డబ్బాలో మరికొంత డబ్బు ఉంటుంది. గాదెలో ధాన్యం ఉంటుంది. ఊరి బయట పొలం ఉంటుంది. అంగట్లో ఉప్పు కొనాలంటే చిల్లరే ఇవ్వాలి. పొలం రాసిస్తామంటే కుదరదు.

కండరానికి ఎ.టి.పి. చిల్లర వంటిది. కండరం ఖర్చు పెట్టగలిగేది దానినే. అయితే నిల్వ చాలా తక్కువ. పూర్తి బలంతో పని చేస్తే రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ డబ్బాలోని డబ్బు. చిల్లర తగ్గిన క్షణంలోనే నింపుతుంది కాని, అదీ సుమారు పది సెకన్ల ముచ్చటే. గ్లైకోజెన్ గాదెలోని ధాన్యం. దీనిని ఆక్సిజన్ లేకుండా త్వరగా కొంత, ఆక్సిజన్‌తో నిదానంగా చాలా ఎక్కువగా శక్తిగా మార్చుకోవచ్చు. కొవ్వు పొలం వంటిది. సన్నగా ఉన్నవారిలో కూడా కిలోల కొద్దీ ఉంటుంది. కాని దాని నుంచి ఆదాయం నెమ్మదిగానే వస్తుంది.

ఏ ఆటకు ఏది ముఖ్యమో ఇప్పుడు మీరే చెప్పగలరు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఒక్కొక్క ఎత్తుకు పట్టేది కొద్ది సెకన్లే. అందులో ఖర్చయ్యేది దాదాపు అంతా చిల్లర, డబ్బాలోని డబ్బు. అంటే సుబ్బారావు పరీక్షనాళికలో చూసిన పదార్థాలే.

వంద మీటర్ల పరుగులో ఎంతటి విజేత అయినా చివరి మీటర్లలో కొంచెం నెమ్మదిస్తాడు. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్ట్ గరిష్ఠ వేగం కూడా 60, 80 మీటర్ల మధ్యనే నమోదైంది. నాలుగు వందల మీటర్లు మరింత కఠినం. డబ్బా ఖాళీ అవుతుంది, గాదె నుంచి హడావుడిగా తీయాలి, ఊపిరి చాలదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్కా సింగ్ నాలుగో స్థానంలో నిలిచి సెకనులో పదో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్నది ఈ దూరంలోనే.

ఇక 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ తీసుకోండి. పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహరా 110 నిమిషాలు పోరాడారు. అందులో ఒక పాయింటు కోసం 73 సార్లు షటిల్ అటూ ఇటూ తిరిగింది. ప్రతి స్మాష్‌కూ చిల్లర కావాలి. దానిని 110 నిమిషాల పాటు నింపుతూ ఉండటానికి గుండె, ఊపిరితిత్తులు, గాదె అన్నీ కావాలి. ఖాళీ అయిన ఫాస్ఫోక్రియాటిన్‌లో సుమారు సగం అర నిమిషంలోనూ, దాదాపు అంతా మూడు నుంచి అయిదు నిమిషాల్లోనూ తిరిగి నిండుతుంది. కోచ్‌లు వేగపు పరుగుల మధ్య విశ్రాంతి ఇచ్చేది ఇందుకే.

గాదె సంగతి తేల్చింది ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తలు. 1966లో యోనాస్ బెర్గ్‌స్ట్రామ్, ఎరిక్ హల్ట్‌మన్ ఒకే సైకిల్‌కు చెరొక వైపు కూర్చుని, చెరొక కాలితో అలసిపోయేదాకా తొక్కారు. సూదితో తమ తొడ కండరాల నుంచే చిన్న ముక్కలు తీసి చూసుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ అడుగంటింది. తొక్కని కాలిలో అలాగే ఉంది. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నారు. అప్పుడు తొక్కిన కాలిలోని నిల్వ తొక్కని కాలిలో కంటే సుమారు రెండింతలైంది. మారథాన్ పరుగువీరులు పోటీకి ముందు అన్నం, రొట్టెలు ఎక్కువగా తినడం వెనుక ఉన్నది ఈ ప్రయోగమే.

నేను దిద్దుకున్న పాఠం

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఉపాధ్యాయుడిగా మొదటి కొన్నేళ్ళు నేను తరగతిలో ఒక తప్పు చెప్పాను. ఆటలపోటీల మరునాడు పిల్లలు కాళ్ళు పీకుతున్నాయంటే, కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుందని చెప్పేవాణ్ణి. నాకు చదువు చెప్పినవారు కూడా అలాగే చెప్పారు. ఒకసారి ఒక విద్యార్థిని లేచి, "రొప్పు పది నిమిషాల్లో తగ్గిపోయింది కదండీ, ఆమ్లం మాత్రం రేపటిదాకా ఎందుకుంటుంది?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి చదవవలసి వచ్చింది.

ఆ అమ్మాయి అనుమానం సరైనదే. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ సుమారు గంటలో మామూలు స్థాయికి దిగిపోతుంది. మరునాటి నొప్పికి కారణం, అలవాటు లేని పని వల్ల కండర తంతువుల్లో ఏర్పడే అతి చిన్న గాయాలు, వాటిని శరీరం బాగుచేసుకునే ప్రక్రియ. 1902లోనే అమెరికాలో థియోడర్ హఫ్ ఇలాంటి మాట చెప్పాడు. అంతే కాదు, లాక్టేట్ చెత్త పదార్థం కూడా కాదు. ఒక కండరంలో పుట్టిన లాక్టేట్‌ను మరో కండరం, గుండె ఇంధనంగా వాడుకుంటాయని 1980ల నుంచి జార్జ్ బ్రూక్స్ చేసిన పరిశోధనలు చూపాయి. కాలేయం దానిని తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది.

'ఆక్సిజన్ రుణం' అన్న మాట కూడా సవరణకు గురైంది. ఆట ఆగాక పీల్చే అదనపు ఆక్సిజన్‌లో కొంత ఫాస్ఫోక్రియాటిన్‌ను నింపడానికి పోతుంది. మిగిలినది వేడెక్కిన శరీరానికి, వేగంగా కొట్టుకుంటున్న గుండెకు, ఇంకా అనేక పనులకు పోతుంది. అది పైసా పైసా లెక్కగా తీర్చే అప్పు కాదు. అలసటకు కూడా ఒకటే కారణం లేదు. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోగా మిగిలిన ఫాస్ఫేటు పేరుకోవడం, ఆమ్లత్వం, లవణాల తేడాలు, శరీరపు వేడి, మెదడు ఇచ్చే సంకేతాలు అన్నీ అందులో పాలుపంచుకుంటాయి.

1992లో హారిస్, సోడర్‌లండ్, హల్ట్‌మన్ నోటి ద్వారా తీసుకున్న క్రియాటిన్ కండరంలో చేరుతుందని చూపారు. నేడు జిమ్‌లలో అమ్మే క్రియాటిన్ డబ్బాల వెనుక ఉన్నది ఈ పరిశోధన. ప్రకటన చూసో, స్నేహితుడు చెప్పాడనో వాటిని కొనకండి. మీ వయస్సులో సరైన భోజనం, నిద్ర, క్రమమైన సాధన చేసే మేలు ముందు తెలుసుకోండి. మిగతాది వైద్యుణ్ణి అడగండి.

ఒక ముగింపు, ఒక పని

కథలోని మనుషుల సంగతి కూడా చెప్పాలి. సుబ్బారావుకు 1930లో హార్వర్డ్ పి.హెచ్‌డి. ఇచ్చింది, శాశ్వతమైన పదవి మాత్రం దక్కలేదు. 1940లో ఆయన లెడర్లే అనే మందుల సంస్థకు వెళ్ళాడు. ఫోలిక్ ఆమ్లం తయారీకి, బోదకాలు వ్యాధికి వాడే డి.ఇ.సి. మందుకు అక్కడ ఆయన నడిపిన పరిశోధనలే దారి తీశాయి. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఇచ్చే బోదకాలు మాత్ర మీలో కొందరు మింగే ఉంటారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో ఆయన చనిపోయాడు. ఫాస్ఫోక్రియాటిన్‌కు గాని, ఎ.టి.పి.కి గాని ఫిస్కేకూ సుబ్బారావుకూ నోబెల్ బహుమతి రాలేదు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో మన దేశం ఒక తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన పేరు తలచుకుని గర్వపడటం మంచిదే. కాని అంతకంటే ముఖ్యం ఆయన చేసిన పని తీరు. రంగు ఆలస్యంగా రావడం ఒక చిన్న సంగతి. దానిని పట్టించుకోవడం వల్ల ఒక నోబెల్ సిద్ధాంతం మారింది. మీ ప్రయోగశాలలో లెక్క కుదరనప్పుడు పక్కవాడి రికార్డు చూసి అంకె మార్చి రాయకండి. ఎందుకు కుదరలేదో ఒకసారి ఆలోచించండి.

చివరిగా మీకొక పని. గడియారం దగ్గర పెట్టుకుని, కూర్చుని ఒక నిమిషం మీ నాడి లెక్కపెట్టండి. తర్వాత మైదానంలో మీకు చేతనైనంత వేగంగా పది సెకన్లు పరుగెత్తండి. ఆగగానే మొదలుపెట్టి, అయిదు నిమిషాల వరకు నిమిషం నిమిషానికీ నాడిని, శ్వాసను రాసుకోండి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు పరుగెత్తవద్దు. స్నేహితుల అంకెలు రాయండి. మరో రోజు అదే పని రెండు నిమిషాల పరుగుతో చేయండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది త్వరగా మామూలు స్థితికి వచ్చింది? చిల్లర, డబ్బా, గాదెలలో దేనిని ఎంత వాడారు? మీ జవాబు ఈ పాఠంలో చెప్పినదానితో సరిపోకపోతే, మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి. ఆయన దగ్గర కూడా జవాబు లేకపోతే, ఇద్దరూ కలిసి వెతకండి.